నెత్తులు పెరిగిన ఊరు

రిటైరై ఇంట్ల కూసున్నప్పటి సంది మా మీర్‌పేట్ కాలనీల ఆడోళ్ళు నన్ను అడిగేది ఒక్కటే. "గన్నేండ్లు మనుషుల మెదళ్ళు చూసుకుంట కూసున్నవ్ గదక్కా, ఎవలకు ఎంత తెలివున్నదో చెప్పొస్తదా?" రాదమ్మా అంటే నమ్మరు. దాస్తున్న అనుకుంటరు. ఒకామె అయితే పెండ్లీడు కొడుకును తీస్కొచ్చి నా ముంగట నిలవెట్టి, "జర వీని నెత్తి చూడు" అన్నది. నెత్తి బాగనే ఉన్నది, కటింగ్ చేయించమని చెప్పి తోలిచ్చిన.

నేను చేసింది కొలిచే పని. ఇబ్రహీంపట్నంల, సాగర్ రోడ్డు పక్కపొంటి ఒక పెద్ద దవాఖాన. ఆడ ఎంఆర్ఐ మెషిన్ తీసిన బొమ్మలల్ల మెదడు ఎంత ఉన్నదో కంప్యూటర్ మీద కొలిచేదాన్ని. చుట్టుపక్కల ఊర్లల్ల నడీడు దాటినోళ్ళను ఎంచుకొని, ఒకపాలి బొమ్మ తీసి, కొన్నేండ్లు ఆగి మల్ల పిలిచి తీసి, వయసు మీద పడుతుంటే ఎవలకు మెదడు ఎంత తగ్గుతున్నదో చూసే పరిశోధన నడుస్తుండె. గసుంటి పనులల్ల కొత్తగ చేరిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి అదెట్ల ఇదెట్ల అని అడుగుతరు. సాఫ్ట్‌వేర్ల సంగతి, పిల్లలూ, మీకే నాకంటె మంచిగ ఎరుక. నేను చెప్పేది వేరే ముచ్చట. మా కొలతల వల్ల ఒకామె ఇజ్జత్ బజార్ల పడి, మల్ల మా కొలతల వల్లనే నిలవడ్డ ముచ్చట. చెప్తుంటే ఇయ్యాల్టికి కూడ నాకు పానం ఉప్పొంగుతది. గొప్పలు చెప్పుకుంటున్నదని అనుకుంటే అనుకోన్రి, ముందుగాలనే చెప్తున్న.

ముందు ఒక చిన్న సంగతి తెలవాలె. పెద్ద నెత్తి ఉన్నోళ్ళకు మెదడు పెద్దగుంటది, చిన్న నెత్తి ఉన్నోళ్ళకు చిన్నగుంటది. గంతమాత్రాన చిన్న నెత్తోళ్ళు తక్కువోళ్ళేం గాదు. పెద్ద గిన్నెల సగం అన్నం ఉన్నా, చిన్న గిన్నెల నిండ అన్నం కంటె ఎక్కువే కనవడుతది గదా. అందుకని మెదడు ఎంతున్నదని ఉత్తగ చూడొద్దు, ఆ నెత్తి ఎంత పెద్దగుందో చూసి, దాంట్ల మెదడు ఎంత భాగమో లెక్క తియ్యాలె. అంటే మెదడు ఒక్కటి కొలిస్తే చాలదు, నెత్తి కూడ కొలవాలె.

నెత్తి కొలిచేకాడ వచ్చింది తిప్పలంత. పుర్రె లోపలి అంచు ఆ బొమ్మలల్ల సాఫ్ట్‌వేర్‌కు సక్కగ దొరకకుండె. ఒకని చెవి తీస్కపోయి నెత్తిల కలిపేది, ఇంకొకని మాడు కోసేసేది. అది బాగయ్యేదాక టేపుతోని నెత్తి చుట్టు కొలుద్దాం అనుకున్నరు మా పెద్దలు. బట్టలు కుట్టేటోళ్ళ దగ్గరుంటది సూడున్రి, గా టేపే. ఇప్పటి పిల్లలు ఇది వింటే పక్కున నవ్వుతరు, నవ్వున్రి. కొన్నొద్దులకే అని పెట్టుకున్నది ఏదైనా ఆఫీసుల ఎట్ల పాతుకపోతదో మీకూ తెలుస్తది తియ్యి. ఆ టేపు మొదటిపాలి బొమ్మలు తీసిన సుట్టుల వచ్చింది, మల్ల పిలిచి తీసిన రెండో సుట్టు దాక ఆడనే ఉన్నది.

మా దాంట్ల ముఖ్యమైనోళ్ళం నలుగురం. అందరికీ మీద పెద్ద మేడం, మెదడు డాక్టరు, పట్నం మనిషి. మాట మెత్తగుంటది గని పట్టు ఇనుమే. లెక్కలు చూసే సారు బాలాపూర్ ఆయన. వినాయకచవితి పదిహేను దినాలుందనంగనే ఆయనకు సోయి తప్పుతది, మిగిలిన దినాలల్ల మంచి లెక్కల మనిషి. వచ్చినోళ్ళను కూసోవెట్టి, బరువు చూసి, టేపు పెట్టి, భయపడేటోళ్ళకు ధైర్యం చెప్పి మెషిన్‌ల పండవెట్టేది సిస్టర్. నాలుగోదాన్ని నేను. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా దవాఖానల లిఫ్ట్ తోలేటాయనకు కూడ ఎరుకే.

నా గది లోపలికి ఉండె. వచ్చినోళ్ళు ఎవలో నాకు కనవడరు. బొమ్మ నా దాక వచ్చేసరికి పేరుండది, నంబరే ఉంటది. మొఖం కూడ ఉండది. ఎవలనేది తెలవకుండ, బొమ్మల మొఖం భాగాన్ని కంప్యూటరే చెరిపేస్తది. వెంట్రుకలైతే ఆ మెషిన్‌ల పడనే పడవు. అంటే నాకు మంచాల మండలం ఊర్లోళ్ళ మెదళ్ళు నా చేతి గీతల లెక్క ఎరుక, మొఖాలు మాత్రం ఎదురుంగ వచ్చినా గుర్తువట్ట. గమ్మతి అనిపించేది నాకు. బస్సుల నా పక్కన కూసున్నామె మెదడు నిన్ననే కొలిచిననేమో అనుకుంట బొంగ్లూర్ గేట్ దాటేదాన్ని.

రెండో సుట్టు అయిపోయినంక లెక్కల సారు ఒకనాడు అందరిని పిలిచి తెర మీద చూపెట్టిండు. అన్ని ఊర్లల్ల మెదడు వయసును బట్టి మెల్లగ తగ్గుతున్నది. ఒక్క ఊరు మాత్రం, మంచాల అవతల మెట్ట పొలాల ఊరు, అందులోని ఆడోళ్ళు, అందరికంటె ఎంతో కిందికి జారి ఉన్నరు. మొగోళ్ళు బాగనే ఉన్నరు. ఆడోళ్ళే.

"ఏమైంది ఈ ఊరికి? నీళ్ళా? పత్తికి కొట్టే మందులా?" అన్నడు సారు. భయమూ ఉన్నది ఆ మాటల, జర సంబురమూ ఉన్నది. కొత్తది ఏదన్న దొరికితే ఈ పనిల ఉన్నోళ్ళకు గట్లనే ఉంటది, నేనేం తప్పువట్ట.

పెద్ద మేడం మాత్రం చెయ్యి లేపింది. "మూడుసార్లు చూసుకునే వరకు ఈ గది దాటి ఒక్క మాట బయటికి పోకూడదు."

పోయింది. ఊర్లల్లకు ఫోన్లు చేసి మనుషులను పిలిచేటాయన ఒకడు ఉండె మా దగ్గర. ఏ నంబరు ఎవలదో ఆయన దగ్గర రాసుంటది, నోట్ల మాట మాత్రం ఆగది. తెలిసినోనితోని చాయ్ తాగుకుంట అన్నడట, ఆ ఊరి ఆడోళ్ళ మెదళ్ళు ఎండుతున్నయట, అందరికంటె ఎక్కువ అంగన్‌వాడీ టీచర్‌కేనట అని. ఇంకేమున్నది. ఆ పొద్దుటికే ఊరంత పాకింది.

అంగన్‌వాడీ టీచర్ అంటే పొద్దుగాల తల్లులు పొలాలకు, కూలికి, కంపెనీలకు పోయేటప్పుడు పాలు మరిచిన పిల్లలను తెచ్చి చేతుల పెట్టే మనిషి. ఆ ఊర్ల ఆమె చేతుల పెరిగిన పిల్లలకు పిల్లలు పుట్టి, మల్ల ఆమె చేతులల్లకే వచ్చిన్రు. గసుంటామె మీద ఈ మాట పడ్డది. "మతి పోయే మనిషి చేతిల పిల్లలను ఎట్ల పెడ్తం?" అని ఒకరు మాన్పిచ్చిన్రు, వాళ్ళను చూసి ఇంకొకరు మాన్పిచ్చిన్రు. సూపర్‌వైజర్ మేడం వచ్చి, కొన్నొద్దులు ఇంటికాడ ఉండమ్మా, డాక్టర్లు బాగున్నవని చెప్తే మల్ల వద్దువుగని అని తాళంచెవి తీస్కొని అంగన్‌వాడీల వంట చేసే ఆయమ్మకు ఇచ్చింది.

ఇదంత మాకు తెలవదు. ఆమె వచ్చి చెప్తెనే తెలిసింది.

పొద్దుగాల నేను ఇంక బ్యాగు కూడ పక్కకు పెట్టలే. తలుపు ధడాల్న తెరుసుకున్నది. ఎర్ర అంచు చీర, ఇంత లావు కొప్పు, కొప్పు చుట్టు చేమంతులు. వెనుకనే సిస్టర్ ఉరుక్కుంట వస్తున్నది, ఆగమ్మా ఆగమ్మా అనుకుంట.

"మెదళ్ళు కొలిచేది ఎవలు?"

"నేనే. ఏందమ్మా, గిట్ల లోపలికి రావొద్దు."

"రావొద్దా? నా నెత్తిల ఏమున్నదో ఊరంత చెప్పొచ్చు గని, నేను ఈడికి రావొద్దా?"

నాకూ సర్రున లేసింది. "నీ సంగతి నేనెవలకు చెప్పిన? నువ్వెవలో కూడ నాకు తెల్వది."

"తెల్వకనే నా మెదడు తగ్గిందని రాసినవా? మంచిగుందే నీ పని!"

ఇద్దరం గట్టిగనే అరుసుకున్నం. పక్క గదులల్లోళ్ళు తొంగి చూసిన్రు. జర సేపటికి ఆమెకు దమ్మయింది, కుర్చీల కూలవడ్డది. అప్పుడు మెల్లగ చెప్పింది జరిగిందంత. ఏ పోరనికి గుడ్డు పడదో, ఏ పిల్ల ఎవలు ఎత్తుకుంటే ఏడుపు ఆపుతదో, ఎవల ఇంట్ల నాయిన తాగి కొడ్తడో, పేరు పేరున చెప్పుకుంట పోయింది. "ఇన్ని యాదికున్నోళ్ళకు దిమాక్ లేదా? పొద్దుగాల లేసి తయారై తలుపు కాడ నిలవడుతున్న. యాడికి పోవాల్నో తెలుస్తలేదు. మా గల్లీల పిల్లలు టీచర్ టీచర్ అని ఉరికొస్తుంటే తల్లులు రెక్క వట్టుకొని గుంజుకపోతున్నరు." ఆ మాట అనుకుంట కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్సింది. మస్తు నంబర్లు చూసిన గని, నంబరు వచ్చి నా ముంగట కూసొని ఏడ్చుడు గదే మొదటిసారి.

నీళ్ళు తాగిచ్చినం. తాగి, మల్ల కోపం తెచ్చుకొని అన్నది. "ఏం లెక్కనో ఏమో మీది! మొదటిపాలి వచ్చినప్పుడు నేను మనిషినే గాకుంటి. బండి బోల్తా వడి, సచ్చి బతికి, గుండు గీయించుకొని, వణుక్కుంట వచ్చిన. గప్పుడేమో అంత మంచిగున్నదంటిరి. ఇప్పుడు ఇంత కొప్పేసుకొని, పూలు పెట్టుకొని, నవ్వుకుంట వస్తే తగ్గిందంటరా?"

"ఏమన్నవ్?" అన్న. "గుండా?"

"అవ్. గుండే. మా ఆడోళ్ళమందరం పెండ్లికి పోయి డీసీఎంల వస్తుంటే, మూలమలుపు కాడ బండి పక్కకు వడ్డది. ఒక్కరికి ఒక్క దెబ్బ తాకలే. నడి రోడ్డు మీద నిలవడి అందరం మొక్కుకున్నం, గుట్టకు పోయి దేవునికి జుట్టు ఇస్తమని. అందరం ఒక్కనాడే పోయి ఇచ్చొచ్చినం. గా నెలల్నే మీ దవాఖానోళ్ళు పిలిచిన్రు."

నేను సిస్టర్ దిక్కు చూసిన. సిస్టర్ మొఖం తెల్లవోయింది. "నెత్తి కొలిచేటప్పుడు కొప్పు ఇప్పించినవా?" అని అడిగిన.

"ఎట్ల ఇప్పిస్తమక్కా? ఎవ్వరూ ఇప్పరు. మెషిన్ కాడికి ఇనుము పోవద్దని పిన్నులు తియ్యమంటే తీస్తరు, దారంతోని కట్టుకుంటరు. జుట్టు ఇరవోసుకోమంటే కొట్లాటకొస్తరు. నాకు పని చెప్పినోళ్ళు కూడ కొప్పు ఇప్పియ్యమని చెప్పలే."

నిజమే. మా దిక్కు ఆడోళ్ళు పరాయి జాగల జుట్టు ఇప్పుతరా? ఇంట్ల ఎవలన్న పోతే తప్ప పది మంది ముంగట జుట్టు ఇరవోసుకోరు. దీపాలు పెట్టే యాళ్ళ ఇంట్ల జుట్టు ఇప్పుకుంటే మా అమ్మనే నన్ను మొట్టేది. సిస్టర్ చేసిందాంట్ల తప్పేమున్నది? కొప్పు మీదికెల్లి టేపు తిప్పింది, మర్యాద కాపాడింది.

"టేపు తే" అన్న.

కూసోవెట్టి, సిస్టర్ ఎప్పుడు కొలిచినట్టే కొప్పు మీదికెల్లి కొలిపిచ్చిన. వేలితోని ఆడ పట్టుకొని, "ఇప్పుడు కొప్పు ఇప్పక్కా" అన్న.

"ఏంది? ఇది దవాఖాననా, ఇంకేమన్ననా?"

"ఒక్క నిమిషం. నీ పిల్లల కోసం ఇప్పు."

నా కళ్ళల్లకు చూసింది. ఏం కనవడ్డదో ఏమో, "తలుపు పెట్టున్రి" అన్నది. పూలు తీసి సిస్టర్ చేతిల పెట్టి, పిన్నులు పండ్ల నడుమ పట్టుకొని, ముడి ఇప్పింది. నడుం దాటి పడ్డది జుట్టు. నేనే పాయలు పక్కకు తీసి, టేపు నెత్తికి ఆనిచ్చి కొలిచిన. నా రెండు వేళ్ళ మందం తేడా వచ్చింది.

నవ్వొచ్చింది నాకు. ఆగలే. ఆమె పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఓ అక్కా, నీ మెదడు తగ్గలే! నీ కొప్పు పెరిగింది!" అని అరిసిన. ఉన్న మెదడు ఉన్నట్టే ఉన్నది. నెత్తి పెద్దగైందని మేం లెక్కల రాసుకున్నం గనుక, ఇంత పెద్ద నెత్తిల మెదడు గింతేనా అని కంప్యూటర్ అన్నది. ఊరి ఆడోళ్ళందరూ ఒక్కసారే గుండు గీయించుకున్నరు, ఒక్కసారే కొప్పులు వేసుకున్నరు, అందుకే ఊరికి ఊరే జారి కనవడ్డది.

సిస్టర్ పూలు పట్టుకొని నేల మీదనే కూసొని ఏడ్సింది. ఆమె మాత్రం ఏడ్వలే. జుట్టు దులుపుకొని, మల్ల కొప్పు వేసుకొని, అద్దం లేకుంటనే పూలు సక్కగ పెట్టుకొని లేసింది. "గీ ముక్క నాకు చెప్పుడు గాదు. మా ఊరికొచ్చి చెప్పు" అని పోయింది.

ఉరుకుడే ఉరుకుడు పెద్ద మేడం గదికి. చెప్పిన. మేడం ఎగిరి గంతేస్తదనుకున్న. గంతెయ్యలే. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"సిస్టర్‌ను ఎవరూ ఒక్క మాట అనొద్దు, చెప్పాల్సింది మేమే చెప్పలేదు. కానీ ఒక్క కొప్పు చూసి ఊరంతా బాగుందని చెప్పలేం. మొన్న టేపును నమ్మి ఒక మాట అన్నాం. ఇవాళ టేపునే నమ్మి ఇంకో మాట అంటే, రేపు ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?"

"మేడం, అక్కడ ఆమె బతుకు ఆగమైతున్నది!"

"అందుకే తొందరపడొద్దంటున్నా. మనం వెళ్ళి చెప్పేది చివరి మాట కావాలి. మళ్ళీ మార్చుకునేది కాకూడదు."

నాకు కోపమొచ్చింది. లెక్కల సారు వచ్చిండు. ఆయన ముందుగాల ఒప్పుకోలే. టేపు తప్పు ఒకలకు ఎక్కువొస్తది, ఒకలకు తక్కువొస్తది, వందల మంది మీద పడితే దానంతట అదే సర్దుకుంటదని మొదలువెట్టిండు.

"సారూ, ఊరంత ఒక్కనాడే గుండు గీయించుకుంటే ఏం సర్దుకుంటది?"

సారు పెన్ను తీసి కాయితం మీద లెక్క వేసుకున్నడు. తలకాయ లేపి, "అసలు మనిషికి ఉండేది ఒక్క నెత్తే గదా? మనం లెక్కల రెండు నెత్తులు ఎందుకు పెట్టినం?" అన్నడు. అంతే, ఆయన తొవ్వల పడ్డడు. ఇగ ఆయనను ఆపుడు ఎవలతరం?

మనిషి పెద్దయినంక పుర్రె పెరగది, తగ్గది. ఇది మాకందరికీ ఎరుకే. కండ్ల ముంగట ఒక ఊరి నెత్తులన్ని పెరిగి కనవడుతుంటే ఒక్కరమూ అడగలే. అందరం మెదడు మీదనే చూపు పెట్టినం. పిల్లలూ, మీకు నేను చెప్పగలిగేది ఏమన్న ఉంటే గిదొక్కటే. మారేది కొలిచేటప్పుడు, మారొద్దని అనుకునేదాన్ని కూడ ఒకపాలి తిరిగి చూసుకోన్రి.

అప్పుడు షురూ అయింది అసలు పని. టేపు పక్కకు పారేసినం. సాఫ్ట్‌వేర్‌ను నమ్మకుంట, బొమ్మల మీదనే పుర్రె లోపలి అంచును చేత్తోని గీసుడు. ఒక నెత్తి అంటే ఒక్క బొమ్మ గాదు, ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు పొరలు. ఒక్కొక్క పొర మీద మౌస్ పట్టుకొని గీసుకుంట పోవాలె. మా ఊరు వీళ్ళ ఊరు అని లేకుండ అందరియి, రెండు సుట్లయి గియ్యాలె. పైంగ పెద్ద మేడం ఇంకో మెలిక పెట్టింది. బొమ్మలన్ని కలిపేసి, ఎవలది ఏదో, మొదటిది ఏదో రెండోది ఏదో తెలవకుండ కొత్త నంబర్లు వెయ్యమన్నది సారును.

"నన్ను నమ్ముతలేరా మేడం?" అన్న. రోషమొచ్చింది నాకు.

"నమ్ముతున్నా. కానీ మీకు ఆమె మీద ప్రేమ పుట్టింది. ప్రేమ కూడా చెయ్యిని కదిలిస్తుంది."

కోపంతోని వచ్చి కూసున్న. ఒక గంట గీసినంక అనిపించింది, మేడం అన్నదాంట్ల తప్పేం లేదని. నాకు నిజంగనే ప్రతి బొమ్మల ఆమెనే కనవడాలని ఉండె. ఏది ఆమెదో తెలవకనే నా చెయ్యి సక్కగ నడిసింది.

నెలలు పట్టింది. మణికట్టు వాసి, పట్టీ కట్టుకొని గీసిన. ఇంట్ల చపాతీలు చేసుడు మా ఇంటాయనకు అప్పజెప్పిన, ఆయన చేసినయి ఏ దేశం పటం లెక్క ఉన్నయో చెప్పను. సిస్టర్ డ్యూటీ అయినంక వచ్చి నా పక్కన కూసునేది, ఏ పొర మిగిలిందో చూసి చెప్పేది. నడుమ నడుమ ఆ ఊరి అక్కకు ఫోన్ చేసేదాన్ని. ఎత్తి, "అయిందా?" అనేది. "ఇంక లేదక్కా" అంటే పెట్టేసేది. ఆ రెండు మాటలే. ఆ ఫోన్ పెట్టేసిన సప్పుడు విన్నప్పుడల్ల ఇంకింత జోరుగ గీసేదాన్ని.

ఆఖరుకు నంబర్లు ఇప్పే దినం వచ్చింది. మేడం గదిల నలుగురం కూసున్నం. లెక్కల సారు కంప్యూటర్ ముంగటికి జరిగిండు. "ముందు మెదడు చూడొద్దు. ముందు నెత్తులు చూద్దాం" అన్నది మేడం.

సారు మొదటి సుట్టు నెత్తిని, రెండో సుట్టు నెత్తిని జత కలిపి తెర మీద పెట్టిండు. ఎవల నెత్తి వాళ్ళదే. మొదటిపాలి ఎంతున్నదో, రెండోపాలి అంతే. వెంట్రుకవాసి అటు ఇటు. ఆ ఊరి ఆడోళ్ళయి కూడ అందరి లెక్కనే గీత మీద సక్కగ కూసున్నయి. నా చెయ్యి నాకు తెలవకుంటనే సక్కగ గీసిందని అప్పుడు అర్థమై నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

"ఇప్పుడు మనిషికి ఒక్క నెత్తి" అన్నడు సారు. రెండుసార్ల కొలతను కలిపి సగం చేసి, అదొక్కటే ఆ మనిషి నెత్తి అని పెట్టుకొని, రెండు సుట్ల మెదడునూ దాంతోనే చూసిండు. మీట నొక్కిండు. ఆ ఊరి చుక్కలు కింద ఎక్కడన్న ఉన్నయేమో అని వెతికినం. లేవు. అన్ని ఊర్ల చుక్కల నడుమ కలిసిపోయినయి. అక్క చుక్క ఏదని అడిగిన. సారు వేలు పెట్టి చూపెట్టిండు. తన ఈడోళ్ళ సగటు కంటె జర మీదికే ఉన్నది!

లెక్కల సారు బాలాపూర్ వినాయకుని లడ్డు వేలంపాట గెలిచినోని లెక్క చేతులు లేపి అరిసిండు. సిస్టర్ నన్ను గట్టిగ వాటేసుకున్నది. నేను ఏమరిసిన్నో నాకు యాదికి లేదు, కింది అంతస్తు దాక వినవడ్డదని తర్వాత చెప్పిన్రు. పెద్ద మేడం కళ్ళద్దాలు తుడుసుకుంట, "ఇప్పుడు వెళ్దాం ఊరికి" అన్నది.

పోయే ముందు ఇంకో పని కూడ చేసింది మేడం. కొత్త లెక్కల ఇంకొక ఊరి పెద్దమ్మ చుక్క కిందికి పోయింది. పాత లెక్కల ఆమెకు మెదడు పెరిగినట్టు వచ్చింది, ఎందుకంటే ఆమె రెండో సుట్టుకు గుండుతోని వచ్చింది. మేమంత ఆమెను మెచ్చుకున్నోళ్ళమే. మేడం తనే ఫోన్ చేసి పిలిపిచ్చి పరీక్షలు చేయిస్తే, రక్తంల ఏదో తక్కువవడ్డదని తెలిసింది. సూదులు, మందులు వాడితే కోలుకున్నది. ఆమె కోలుకున్నంక, మా పని ఒక్కరికి గాదు ఇద్దరికి పనికొచ్చిందని సిస్టర్ దవాఖానంత చెప్పుకుంట తిరిగింది.

ఆ ఊరికి జీపుల పోయినం. అంగన్‌వాడీ ముంగట ఊరోళ్ళు గుమిగూడి ఉన్నరు. తల్లులు సంకల పిల్లలతోని, మొగోళ్ళు చేతులు కట్టుకొని, సూపర్‌వైజర్ మేడం ఒక పక్కకు. అక్క అందరికీ ఎనుక నిలవడ్డది, కొప్పుల పూలు లేవు. మా పెద్ద మేడం కుర్చీల కూసోలే. నిలవడి, చెప్పులిడిచి, చెప్పింది. తప్పు మాది, ఈ ఊరి ఆడవాళ్ళది కాదు, మీ టీచర్‌ది అసలే కాదు, మేం కొలిచిన పద్ధతి తప్పు. అంత పెద్ద డాక్టరు గట్ల సాఫ్‌గ తప్పు ఒప్పుకునుడు నేనైతే అప్పటిదాక చూడలే.

ఒక ముసలాయన, నెత్తికి ఇంత రుమాలు చుట్టుకున్నాయన, ముంగటికొచ్చిండు. "మొన్న ఒకటంటిరి, ఇయ్యాల ఒకటంటిరి. రేపు మల్ల ఇంకోటి అనరని ఏంది నమ్మకం? నెత్తికి జుట్టుంటే మెదడు తగ్గుతదా? గిదేం కథ?"

మేడం ఏదో చెప్పబోయింది. నాకు ఆగలే. "తాతా, ఇట్ల రా" అని బ్యాగులకెల్లి టేపు తీసిన. రుమాలు మీదికెల్లి కొలిచి, అందరికి కనవడేటట్టు వేలు పెట్టి పట్టుకున్న. "ఇప్పుడు రుమాలు తియ్యి." తీసిండు. మల్ల కొలిచిన. జానెడు తగ్గింది.

"చూసిన్రా? తాత నెత్తి ఒక్క నిమిషంల గింత తగ్గింది. మరి తాతకు దిమాక్ పెరిగిందా?"

"వానికి ఎన్నడుండె పెరగనీకి!" అన్నది ఎనుకకెల్లి ఒక ముసలామె. ఆయన భార్యనట. ఊరు ఊరంత ఒక్కసారి పకపక నవ్వింది. తాత కూడ నవ్వి రుమాలు దులిపి నెత్తికి చుట్టుకున్నడు. "గట్ల చెప్పరాదుండ్రి ముందుగాలనే. సాఫ్ సమజైంది" అన్నడు.

ఆ నవ్వు ఆగకముందే ఒక పిల్ల తల్లి ముంగటికి వచ్చింది. అందరికంటె ముందుగాల బిడ్డను మాన్పిచ్చింది ఆమేనట. అక్క దగ్గరికి పోయి, సంకల బిడ్డను తీసి ఆమె చేతుల పెట్టింది. అక్క తీసుకున్నది. బిడ్డ ముక్కు కొంగుతోని తుడిసింది. ఆయమ్మ తాళంచెవి తెచ్చి ఇచ్చింది. తలుపు తెరుసుడే ఆలస్యం, పిల్లలు తల్లుల సంకలకెల్లి దుంకి, కాళ్ళ సందులకెల్లి దూరి, మమ్ముల నెట్టుకుంట లోపలికి ఉరికిన్రు.

మాకు శాలువాలు కప్పుతదనో, చాయ్ పోస్తదనో అనుకున్నం గావచ్చు, ఆడనే గడప కాడ నిలవడ్డం. అక్క బిడ్డను సంకకెత్తుకొని మా దిక్కు తిరిగింది.

"చెప్పుడు అయింది గదా? ఇగ జరగున్రి. పిల్లలకు అన్నం పెట్టే యాళ్ళయింది."

పెద్ద మేడం, లెక్కల సారు, సిస్టర్, సూపర్‌వైజర్ మేడం, నేను, అందరం గోడకు ఆనుకొని తొవ్వ ఇచ్చినం.